క్రాసింగు మడి ఎండనివ్వొద్దు

2025 మే నెలలో ఢిల్లీలో రెండు జీన్ ఎడిటింగ్ వరి రకాలను ప్రకటించారు. అప్పటి నుంచి ఒక మాట తరచు వినిపిస్తోంది. పాత పద్ధతిలో వంగడాలు తయారుచేసే రోజులు అయిపోయాయని, పదేళ్లు పొలంలో నిలబడి చేసే పని ఇక ల్యాబులో రెండేళ్లలో తెమిలిపోతుందని. టీవీ చర్చల్లో అన్నారు, వ్యాసాల్లో రాశారు, మొన్నొక పెళ్లిలో పక్క విస్తరి దగ్గర కూర్చున్నాయనా అన్నాడు.

ఆ రెండు రకాలకూ పుట్టిల్లు మనదే. డీఆర్ఆర్ ధాన్ 100, అదే కమల, బాపట్ల సాంబ మసూరిని దిద్ది రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ వాళ్లు చేసింది. పూసా డీఎస్‌టీ రైస్ 1 మన మారుటేరు కాటన్‌దొర సన్నాలును దిద్ది ఢిల్లీ పూసా వాళ్లు చేసింది. ఉద్యోగ జీవితమంతా కోస్తా జిల్లాల వరి పరిశోధన కేంద్రాల్లో గడిపినవాణ్ణి, నాకు సంతోషంగా ఉండదా? ఉంది. కానీ ఆ వార్తలోంచి జనం లాగుతున్న ముగింపు తప్పు. తప్పు ముగింపు పెళ్లి భోజనాల దగ్గర ఆగిపోతే నష్టం లేదు. బడ్జెట్ కాగితం మీదికి ఎక్కితేనే చిక్కు. ఒక ఏడాది సంకరాలు చేసే క్రాసింగు మడి నాటకపోతే ఆ ఏడాది ఎవరికీ ఏమీ తెలియదు. తెలిసేది పదేళ్ల తర్వాత, కొత్త తెగులు దిగినప్పుడు.

మా ఊళ్లో వరసకు కొడుకయ్యే రైతు ఒకతను సూటిగానే అడిగాడు. ‘బాబాయ్, ఇప్పుడు జీన్లను కత్తిరించి దిద్దేస్తన్నారంట గదా. మీరు గొడుగేసుకుని బురదలో కూచుని ఒక్కో పువ్వూ కోశారు, అదంతా దండగేనా మరి?’

దండగ కాదురా అని ఒక్క మాటలో చెప్పేస్తే సరిపోదు. ఎందుకు కాదో చెప్పాలంటే ఆ బురదలో ఏం జరుగుతుందో మొదట చెప్పాలి.

వరి పువ్వులో ఆడా మగా ఒకే పొట్టులో ఉంటాయి. పొట్టు విచ్చుకునేలోపే తన పుప్పొడితో తనే కడుపు కట్టేస్తుంది. కాబట్టి తల్లిగా ఎంచుకున్న మొక్కకు తెల్లవారుజామునో, ముందురోజు సాయంత్రమో చేరి, పైకి వచ్చిన వెన్నులో విచ్చుకోని పూల కొసలు కత్తెరతో మూడో వంతు కోసి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తుల్నీ సన్న పటకారుతో లాగెయ్యాలి. ఒక్కటి మిగిలినా పని చెడుతుంది. వెన్నుకు బటర్ పేపరు సంచి తొడిగి, తొమ్మిదీ పదకొండు మధ్య తండ్రి మొక్క పూత విచ్చుకునే వేళకు దాని వెన్ను తెచ్చి సంచిలో దులపాలి. చీటీ మీద పెన్సిలుతో తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ. పెన్నుతో రాస్తే వానకు చెరిగిపోతుంది. మా కేంద్రంలో రోజుకూలీ మీద పనిచేసే ఒకామె ఉండేది. నేను ఒక వెన్ను పూర్తిచేసేసరికి ఆమె రెండు చేసేది, ఆమె చేసిన వెన్నుల్లో గింజ పట్టేదీ ఎక్కువే. చదివింది ఐదో తరగతి. పీహెచ్‌డీ విద్యార్థులకు కత్తెర పట్టడం నేర్పింది ఆమే.

అందరూ అసలు విషయం ఆ పూటే అయిపోయిందనుకుంటారు. నిజానికి ఆ పూట ఏమీ కలవలేదు. పుట్టిన గింజలో తల్లి క్రోమోజోములు ఒక పక్క, తండ్రివి ఒక పక్క, ఎవరి సొత్తు వాళ్ల దగ్గరే ఉంటుంది. ఆ గింజను మరుసటి కారులో నాటి, మొక్క చిరుపొట్ట దశకు వచ్చినప్పుడు, బయటికి కనపడని వెన్ను లోపల, పుప్పొడినీ అండాన్నీ తయారుచేసే కణాల్లో తల్లి క్రోమోజోమూ తండ్రి క్రోమోజోమూ జతగా దగ్గరికొస్తాయి. ఒకటి రెండు చోట్ల రెండూ తెగి, ఒకదాని ముక్క రెండోదానికి అతుక్కుంటుంది. ఇదే క్రాసింగ్ ఓవర్. నా ముప్పై చిల్లర ఏళ్ల ఉద్యోగం అంతా దాని కోసం కాచుకోవడమే.

వరికి 12 జతల క్రోమోజోములు. 2005లో ప్రకటించిన జన్యుక్రమం లెక్కన 37 వేలకు పైగా జన్యువులు, అంటే సగటున క్రోమోజోముకు మూడు వేలు. మూడు వేల జన్యువులున్న తాడు తరానికి ఒకటి రెండు చోట్ల మాత్రమే తెగితే, పక్కపక్కనే ఉన్న రెండు జన్యువులు విడిపోయే అవకాశం ఎంత? దాదాపు లేనట్టే. అవి కలిసే పుడతాయి, కలిసే పిల్లలకు పోతాయి. దీన్నే లింకేజీ అంటాం. రెండూ దూరంగా ఉంటే వాటి మధ్య తాడు తెగే అవకాశం ఎక్కువ. దగ్గరగా ఉంటే తక్కువ.

ఇంటర్ బైపీసీ చదివినవాళ్లకు 1.3, 37.2 అనే అంకెలు గుర్తుండాలి. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో మోర్గాన్ అనే శాస్త్రవేత్త పండు ఈగల మీద చూసిన లెక్క అది. పసుపు ఒంటి రంగు, తెల్ల కన్ను అనే రెండు లక్షణాలు నూటికి 1.3 మాత్రమే విడిపోయాయి. తెల్ల కన్ను, చిన్న రెక్క నూటికి 37.2 విడిపోయాయి. 1911లో ఆయన దగ్గర డిగ్రీ చదువుతున్న స్టర్టెవాంట్ అనే కుర్రాడికి ఈ తేడాలను దూరాలుగా తీసుకోవచ్చు కదా అనిపించింది. కాలేజీ హోంవర్కు పక్కన పెట్టి ఒక్క రాత్రి కూర్చుని ఈగ క్రోమోజోము మీద జన్యువుల వరుసను గీశాడు. అది 1913లో అచ్చయింది. ప్రపంచంలో మొదటి జన్యుపటం అదే. అప్పటికి డీఎన్ఏ ఆకారం ఎవరికీ తెలియదు. జన్యువును కళ్లతో చూసినవాడు లేడు. ఈగలను లెక్కపెట్టి, శాతాలు తీసి, కంటికి కనపడనివాటి చిరునామాలు రాశాడు. మా పిల్లలు దీన్ని నాలుగు మార్కుల జవాబుగా బట్టీ పడతారు. ఏం చేస్తాం.

నూటికి ఒకటి విడిపోయేంత దూరానికి సెంటీమోర్గాన్ అని పేరు. ఆ పేరు పెట్టింది బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్. ఆయన 1957లో మన దేశానికి వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థులకు ఇమ్మని రాసి పెట్టాడు. అది చేరింది కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు. గోదావరి జిల్లాల్లో వరి చేల మీదుగా బస్సులో పోతున్నప్పుడు నాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది. జన్యువుల మధ్య దూరానికి కొలత పేరు పెట్టిన మనిషి చివరికి వచ్చి చేరింది ఈ ఇలాకాకే.

ఇప్పుడు సాంబ మసూరి సంగతి. బీపీటీ 5204. 1986లో బాపట్ల నుంచి విడుదలైంది. కోయంబత్తూరు జీఈబీ 24, తైవాన్ పొట్టి వరి టీఎన్ 1, మసూరి, ఈ మూడింటి కలయిక. సన్న గింజ, మెత్తని అన్నం, మార్కెట్లో ధర. బలహీనత ఒకటి కాదు గానీ పెద్దది బ్యాక్టీరియా ఎండాకు తెగులు. ఈదురుగాలితో వాన పడ్డాక ఆకు కొసల నుంచి అంచుల వెంట పసుపూ తెలుపూ గీతలు కిందికి దిగుతాయి. పొట్ట దశలో వస్తే గింజ తాలు. మందు కొట్టినా ప్రయోజనం నామమాత్రం. మొక్కకు పుట్టుకతోనే తట్టుకునే శక్తి ఉండాలి.

ఆ శక్తి ఆఫ్రికాలో మాలి దేశపు అడవి వరిలో దొరికింది. అది ఈ తెగులును తట్టుకుంటుందని 1970లలో కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో గుర్తించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు దాన్ని సాగు వరిలోకి దించి Xa21 అని పేరు పెట్టారు. పదకొండో క్రోమోజోము మీద ఉంటుంది. 1995లో అమెరికాలో పమేలా రొనాల్డ్ బృందం ఆ జన్యువును విడిగా పట్టుకుంది.

అడవి వరిని మీరు చూడాలి. ఎత్తుగా పెరిగి పడిపోతుంది, గింజ చేలోనే రాలిపోతుంది, ముళ్లుంటాయి, వండుకుని తినేది కాదు. అందులోంచి మనకు కావలసింది ఒక్కటంటే ఒక్క జన్యువు. కానీ ఒక్క చుట్టాన్ని భోజనానికి పిలిస్తే వాళ్ల ఊరంతా దిగినట్టు, ఆ జన్యువుకు అటూ ఇటూ ఉన్న వందల జన్యువులు దాన్ని అంటిపెట్టుకుని వస్తాయి. వంగడాలు తయారుచేసేవాళ్ల అసలు శత్రువు ఇదే, లింకేజీ డ్రాగ్ అంటాం.

దీనికి పాత మందు బ్యాక్‌క్రాస్. వచ్చిన మొక్కను మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరం చేయడం. ప్రతిసారీ పరాయి భాగం సగానికి తగ్గుతుంది. నాలుగుసార్లు చేస్తే మిగిలేది మూడు శాతం చిల్లర. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ ఆ లెక్క మిగతా క్రోమోజోములకు వర్తిస్తుంది, మనం పట్టుకుని ఉన్న జన్యువు చుట్టుపక్కలకు వర్తించదు. అక్కడ పరాయి ముక్క తెగాలంటే సరిగ్గా అక్కడే క్రాసింగ్ ఓవర్ జరగాలి. 1989లో అమెరికాలోని కార్నెల్‌లో యంగ్, టాంక్స్‌లీ అనే ఇద్దరు ఈ సంగతి టమాటాలో తవ్వి చూశారు. వైరస్ తెగులును తట్టుకునే ఒక జన్యువును అడవి టమాటా నుంచి రకరకాల సాగు టమాటాల్లోకి అప్పటికే తెచ్చి ఉన్నారు. కొన్నింట్లో వెంట వచ్చిన ముక్క నాలుగు సెంటీమోర్గాన్లే. కొన్నింట్లో యాభై దాటింది. పదకొండుసార్లు బ్యాక్‌క్రాస్ చేసిన రకంలోనూ క్రోమోజోము పొట్టి భుజం మొత్తం అడవి టమాటాదే ఉంది! పదకొండు తరాలు ఎవరో పాపం ఎండలో నిలబడ్డారు.

అంతదూరం ఎందుకు, మన స్వర్ణనే చూడండి. మారుటేరు ఎంటీయూ 7029. పొట్టుకు బంగారు రంగు. ఒడిశా నాటు వరి నుంచి వచ్చిన ఎఫ్ఆర్ 13ఏ అనే రకంలోని సబ్ 1 జన్యువును స్వర్ణలోకి ఎక్కించి, రెండు వారాలు నీట మునిగినా బతికే స్వర్ణ సబ్ 1ను ఫిలిప్పీన్స్‌లో తయారుచేశారు. 2009లో మన దేశంలో విడుదలైంది. తిండిలో, దిగుబడిలో స్వర్ణే. పొట్టు మాత్రం గడ్డి రంగుకు మారింది. సబ్ 1కు పక్కనే, తొమ్మిదో క్రోమోజోము మీద, ఆ బంగారు రంగును అణిచే జన్యువు ఉంది. రెండూ కలిసే వచ్చాయి. రంగు మారితే పెద్ద నష్టం లేదు, పైగా ఏది ఏదో గుర్తుపట్టడానికి పనికొస్తుంది. అదృష్టం. రంగు కాకుండా రుచి పక్కన ఉంటే?

జపాన్‌లో ఆ ముచ్చటా జరిగింది. అక్కడి మెట్ట వరిలో అగ్గితెగులును చాలాకాలం నిలబడి తట్టుకునే గుణం ఉంది. దాన్ని మాగాణి వరిలోకి తేవాలని దశాబ్దాల పాటు ప్రయత్నించారు. తెగులు ఆగేది, అన్నం మాత్రం నోట పెట్టుకునేలా ఉండేది కాదు. ఆ జన్యువే రుచి చెడగొడుతోందని అనుకున్నారు. 2009లో వేల మొక్కలు వడగట్టాక తేలిందేమిటంటే, తట్టుకునే జన్యువు వేరు, రుచి చెడగొట్టేది వేరు, రెండూ వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి. సరిగ్గా ఆ సందులో తెగిన మొక్క దొరికింది. దాన్నుంచి తెగులు తట్టుకునే, రుచి పోని వరి వచ్చింది.

అంటే తరాలు పెంచుకుంటూ పోవడం కన్నా ఒక్కో తరంలో ఎన్ని మొక్కలు చూశామన్నది ముఖ్యం. చిన్న లెక్క చెబుతాను. మనకు కావలసిన జన్యువు పక్కన ఒక సెంటీమోర్గాన్ లోపల తాడు తెగాలి. నూటికి ఒకటి. వంద మొక్కలు పెంచితే అలాంటిది ఒక్కటైనా దొరికే అవకాశం 63 శాతం. మూడు వందలు పెంచితే 95. రెండు పక్కలా ఒకే తరంలో తెగాలంటే పదివేలకు ఒకటి, నిజానికి ఇంకా తక్కువే, ఎందుకంటే ఒకచోట తెగితే ఆ దగ్గర్లో రెండోచోట తెగడం అరుదు. కాబట్టి ఒక తరంలో ఒక పక్క, మరుసటి తరంలో రెండో పక్క చూసుకోవాలి. రైతుకిది వింతగా అనిపించదు. నారుమడి తగ్గిస్తే చేను పలచబడుతుందని ఆయనకు తెలుసు. తెలియంది నిధులు మంజూరు చేసేవాళ్లకే. నా సర్వీసులో ఎన్నోసార్లు ప్రాజెక్టులో మొదట కోత పడింది మొక్కల సంఖ్య మీదే. ‘ఐదొందలెందుకు, యాభై చాలదా?’ అని.

చాలదు. తెగులు తట్టుకునే ఒక లైను నా చేతిలో కూడా తయారైంది. ఆకులు పచ్చగా ఉన్నాయి, దిగుబడి బాగుంది. తెనాలి వైపు ఒక మిల్లరు దగ్గరికి పిడికెడు బియ్యం పట్టుకెళ్లాను. అరచేతిలో వేసుకుని బొటనవేలితో ఒకసారి తిప్పి, ‘గింజ పొట్ట లావుంది మాస్టారూ, బీపీటీ ధర రాదు దీనికి’ అన్నాడు. ఆ మాటతో ఆ లైను కథ ముగిసింది. లింకేజీ డ్రాగ్‌ను కొలిచే పరికరాల్లో ఆయన బొటనవేలును మించింది నేను చూడలేదు.

హైదరాబాదు వాళ్లు ఈ ముడిని విప్పిన తీరు చెప్పుకోదగ్గది. రాజేంద్రనగర్ వరి సంస్థ, హబ్సిగూడ సీసీఎంబీ కలిసి పంజాబ్‌లో తయారైన ఒక వరి లైను నుంచి మూడు తెగులు నిరోధక జన్యువుల్ని సాంబ మసూరిలోకి తెచ్చాయి. ఐదో క్రోమోజోము మీది xa5, ఎనిమిదో దాని మీది xa13, పదకొండో దాని మీది Xa21. మూడూ వేర్వేరు క్రోమోజోముల మీదున్నాయి కాబట్టి ఒకదానితో ఒకటికి సంబంధం లేదు. ప్రతి బ్యాక్‌క్రాస్‌లోనూ ఎనిమిదిట ఒక మొక్కకు మూడూ వస్తాయి. ఏ మొక్కకు వచ్చాయో తెలిసేదెలా అన్నది చిక్కు. మా రోజుల్లో అయితే కత్తెరను బ్యాక్టీరియా కలిపిన నీళ్లలో ముంచి ఆకు కొసలు కోసి, రెండు వారాలాగి మచ్చ ఎంత పాకిందో స్కేలుతో కొలిచేవాళ్లం. కానీ Xa21 ఉంటే చాలు ఆకు నిలబడుతుంది. దాని వెనక మిగతా రెండూ ఉన్నాయో లేవో ఆకు చెప్పదు. పైగా xa5 అయినా xa13 అయినా రెండు ప్రతులుగా ఉంటేనే గుణం చూపిస్తాయి, ఒక్క ప్రతే ఉంటే దాక్కుంటాయి.

అందుకని వాళ్లు లింకేజీనే పనిలో పెట్టుకున్నారు. జన్యువుకు అతి దగ్గరగా ఉండి, దానితోపాటే పిల్లలకు పోయే డీఎన్ఏ గుర్తుల్ని ల్యాబులో చూస్తే, జన్యువు ఉందో లేదో నారు దశలోనే తెలిసిపోతుంది. దానికి కాస్త ఎడంగా అటూ ఇటూ ఉన్న గుర్తులు సాంబ మసూరివైపు మారాయంటే అక్కడ తాడు తెగిందన్నమాట. మనల్ని ఏడిపించిన గుణమే మనకు కాపలాదారైంది. నాలుగు బ్యాక్‌క్రాస్‌ల తర్వాత, 2008లో ఆర్‌పీ బయో 226 పేరుతో మెరుగుపరచిన సాంబ మసూరి విడుదలైంది. గింజ సన్నగానే ఉంది. మిల్లరు బొటనవేలు అభ్యంతరం చెప్పలేదు.

ఇప్పుడు జీన్ ఎడిటింగ్ వాళ్ల వాదనలో బలమున్న చోటును దాచడం నా ఉద్దేశం కాదు. ఒక జన్యువులో రెండు మూడు అక్షరాలు దిద్దితే పక్కవాళ్లెవరూ వెంట రారు. బ్యాక్‌క్రాస్‌లు అక్కర్లేదు. సాంబ మసూరి సాంబ మసూరిగానే ఉంటుంది. xa13 లాంటి గుణాన్ని ఇప్పుడు మళ్లీ తేవాలంటే నేను కూడా సంకరానికి పోను, దిద్దమనే అంటాను. అందులో మార్పు జన్యువును నడిపే మీటలో ఉంది, దాన్ని కత్తిరించవచ్చు. కమల పదిహేను ఇరవై రోజులు ముందు కోతకు వస్తుందంటున్నారు, దిగుబడి పెరుగుతుందంటున్నారు. ఆ అంకెలను రైతుల పొలాలు తేలుస్తాయి.

కానీ Xa21 మాట వేరు. సాంబ మసూరిలో దిద్దడానికి అసలు ఆ జన్యువు ఉండాలి కదా. మొత్తం జన్యువునే బయటి నుంచి తెచ్చి ల్యాబులో పెడితే అది జన్యుమార్పిడి కిందికి వస్తుంది. 2022లో కేంద్రం చిన్న చిన్న దిద్దుబాట్లకు ఇచ్చిన మినహాయింపు దానికి వర్తించదు. అదే Xa21ను సంకరంతో తెస్తే జన్యుమార్పిడికి కావలసిన అనుమతులేవీ అడగనక్కర్లేదు, అలా వచ్చిన మెరుగుపరచిన సాంబ మసూరి పదిహేనేళ్లకు పైగా చేలలో ఉంది. సబ్ 1ను కూడా స్వర్ణలోకి సంకరంతోనే తెచ్చారు.

రెండో సంగతి నా దృష్టిలో మరీ ముఖ్యం. కమలలో దిద్దింది వెన్నుకు గింజల సంఖ్యను అదుపుచేసే జన్యువును. అక్కడ దిద్దాలని వాళ్లకెవరు చెప్పారు? 2005లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు. ఎలా కనుక్కున్నారు? గింజలు విపరీతంగా కాసే హబటాకి అనే వరిని, వాళ్లకు ఇష్టమైన కోషిహికారి అనే వరిని సంకరం చేశారు. పిల్ల మొక్కలను వేల సంఖ్యలో పెంచారు. గింజల సంఖ్య పెరిగిన మొక్కల్లో ఒకటో క్రోమోజోము ఎక్కడెక్కడ తెగిందో చూసుకుంటూ, ఆ వెతుకులాటను కుదించుకుంటూ, ఒక్క జన్యువు మిగిలేదాకా వెళ్లారు. స్టర్టెవాంట్ ఈగల మీద చేసిన పనే, వంద సంవత్సరాలకు దగ్గరగా వరి మీద. ఆ చిరునామా దొరికాకే హైదరాబాదులో ఎవరైనా కత్తెర పట్టగలిగారు. Xa21ను, సబ్ 1ను కూడా క్రాసింగ్ ఓవర్‌లను లెక్కపెట్టే పట్టుకున్నారు. దిద్దేవాడికి పేజీ నంబరు ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేది ఆ క్రాసింగు మడే.

ఇంకా చిరునామా పూర్తిగా తెలియని గుణాలు ఎన్ని ఉన్నాయో! సుడిదోమను నిజంగా తట్టుకునే శక్తి, రాత్రి వేడిలో గింజ తాలుపోకపోవడం, తక్కువ నీటితో దిగుబడి నిలబడటం. వీటిలో చాలావరకు ఒక్క జన్యువు పని కాదు, పది పదిహేను చోట్ల కొంచెం కొంచెంగా పంచుకున్నవి. రెండు మంచి రకాల్లోని మంచి ముక్కలు ఒకే తాడు మీదికి రావాలంటే చిరుపొట్టలో జరిగే ఆ తెగడం, అతుక్కోవడం తప్ప దారి లేదు. దానికీ గడువుంది. మొక్క తనను తాను పండించుకుంటూ పోయేకొద్దీ తల్లి ముక్కా తండ్రి ముక్కా ఒకేలా అయిపోతాయి. ఒకేలాంటి రెండు ముక్కలు ఎన్నిసార్లు మార్చుకున్నా కొత్తది రాదు. ప్రతి తరంలో ఆ అవకాశం సగానికి పడిపోతుంది. అంటే ఐదో తరానికి తలుపు దాదాపు మూసుకున్నట్టే. మళ్లీ తెరవాలంటే మళ్లీ సంకరం చేయాలి, మళ్లీ గొడుగు, మళ్లీ కత్తెర.

అందుకే ఆంధ్ర, తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయాలనూ ప్రభుత్వాలనూ అడిగేది ఇది. ఎడిటింగ్ ల్యాబులకు డబ్బు ఇవ్వండి, ఇవ్వొద్దనను. క్రాసింగు మడి ఖర్చులోంచి తీసి మాత్రం ఇవ్వకండి. ఒక సంకరం చేలోకి వంగడంగా రావడానికి ఎనిమిది పది సంవత్సరాలు పడుతుంటే మూడేళ్ల ప్రాజెక్టు పెట్టి నాలుగో ఏట ఫలితమేదని అడగడం మానండి. వంగడాలు తయారుచేసే శాస్త్రవేత్త రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగా ఉంచకండి. ఆయన చేతిలో మధ్య తరాల్లో ఉన్న లైన్లు ఎవరూ చూసుకోకపోతే రెండు పంటకాలాల్లో కలగాపులగమై పోతాయి. అడవి వరులను, పాత నాటు రకాలను చలిగదిలో పెట్టి తాళం వేయడంతో సరిపెట్టకుండా కొన్నేళ్లకోసారి నాటి విత్తనం తాజా చేయండి. కత్తెర పట్టిన ఆ కూలీల చేతి పనికి నైపుణ్యం కింద జీతం కట్టండి. అలాంటి మనిషి ఉపాధి కోసం పట్నం వెళ్లిపోతే, ఆ సీజన్‌లో సంకరం గింజలు చేతివేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది.

ఇంకొకటి, పైసా ఖర్చు లేనిది. పరిశోధన కేంద్రాల వార్షిక నివేదికలో ఎన్ని రకాలు విడుదల చేశారన్నదానికి ఒక గడి ఉంటుంది. అధికారులు చూసేదీ, మంత్రులు చదివేదీ ఆ గడే. దాని పక్కన రెండో తరంలో ఎన్ని మొక్కలు పెంచి చూశారో రాసే గడి కూడా ఒకటి గీయించండి.